సూరత్‌లో తులిప్ పూయదు, పూయనక్కర్లేదు

సూరత్‌లో నాన్‌పురా దగ్గర, తాపీ నది ఒడ్డున, డచ్ గార్డెన్ అనే పార్కు ఒకటుంది. ఊరు చూడబోయిన తెలుగువాళ్లకు ఆ పేరు వినగానే పుట్టే సందేహం ఒకటే: డచ్చివాళ్ల తోట అన్నారు కదా, తులిప్ పూలేవి? 1981లో వచ్చిన హిందీ సినిమా సిల్‌సిలా చూసినప్పటి నుంచి మనవాళ్ల మనసులో డచ్చి దేశమంటే రంగురంగుల తులిప్ చాళ్లే. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి మిషిగన్‌లోనో అయోవాలోనో తులిప్ పండుగ చూసొచ్చిన తల్లిదండ్రులైతే ఇంకో అడుగు ముందుకేసి, డచ్చివాళ్లు రెండొందల ఏళ్లు వ్యాపారం చేసిన సూరత్‌లో అలాంటి వసంత పూల పండుగ ఎందుకు పెట్టరని అడుగుతున్నారు. ఈ ప్రశ్నలో రెండు పొరపాట్లు కలిసి ఉన్నాయి. డచ్చివాళ్లు కాలుపెట్టిన చోటల్లా తులిప్ ఉండాలనుకోవడం మొదటిది. సూరత్‌కు వసంత పూల పండుగ లేదనుకోవడం రెండోది. మొదటిదానికి వృక్షశాస్త్రం అడ్డుచెబుతుంది. రెండోదానికి ఆ ఊళ్లోనే ఉన్న ఒక డచ్చి సమాధి అడ్డుచెబుతుంది.

అసలు తులిప్ పుట్టిల్లు నెదర్లాండ్స్ కాదు. మధ్య ఆసియాలోని తియాన్ షాన్, పామీర్ పర్వతాల వాలుల్లో అది తనంత తాను మొలిచే మొక్క. తుర్కు సుల్తానుల తోటల్లో ముద్దుగా పెరిగి, పదహారో శతాబ్దంలో యూరప్ చేరింది. కరోలస్ క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త 1593లో లైడెన్ విశ్వవిద్యాలయ తోటలో నాటిన గడ్డలు మరుసటి ఏడాది పూశాయి. నలభై ఏళ్లు తిరిగేసరికి డచ్చి దేశమంతా వాటి వెనక పరుగెత్తింది. భూమిలో ఉన్న గడ్డను భూమిలో ఉండగానే చేతులు మార్చి అమ్ముకున్నారు. 1637 ఫిబ్రవరిలో కొనేవాళ్లు వెనక్కి తగ్గడంతో ఆ బేరాలన్నీ కుప్పకూలాయి. అన్నిటికంటే ఎక్కువ ధర పలికిన చారల తులిప్‌లకు ఆ చారలు తెగులు వల్ల వచ్చాయని, అది ఒక గడ్డ నుంచి ఇంకో గడ్డకు అంటుకుంటుందని 1928లో ఇంగ్లండ్‌లో డొరొతీ కేలీ తేల్చింది. కాబట్టి తులిప్ డచ్చివాళ్లకు పుట్టుకతో వచ్చిన ఆస్తి కాదు, శ్రమపడి తమది చేసుకున్న పంట. వాళ్ల నేల, వాళ్ల చలి దానికి సరిపోయాయి, అంతే.

మిషిగన్‌లోని హాలండ్ పట్టణం సంగతీ ఇలాంటిదే. 1847లో ఆల్బెర్టస్ వాన్ రాల్టె అనే మతగురువు వెంట వచ్చిన డచ్చి కుటుంబాలు అడవి కొట్టి ఆ ఊరు కట్టుకున్నాయి. వాళ్లు ఓడ దిగిన రోజునే తులిప్ పండుగ మొదలైందని చాలామంది అనుకుంటారు. కాదు. 1927లో లిడా రోజర్స్ అనే జీవశాస్త్రం టీచర్ ఊరంతా తులిప్‌లు నాటుదామని సలహా ఇచ్చాక, 1929లో తొలి పండుగ జరిగింది. ఊరు పుట్టిన ఎనభై ఏళ్లకు పైగా గడిచాక అన్నమాట. అయోవాలోని పెల్లా కూడా 1847లోనే వెలిసినా పండుగ మొదలైంది 1935లో. ఈ రెండు ఊళ్లకూ ఉన్నవి, సూరత్‌కు లేనివి రెండు. అక్కడ స్థిరపడి తరతరాలుగా బతుకుతున్న డచ్చి కుటుంబాలు ఒకటి. నెలల తరబడి నేలను గడ్డకట్టించే శీతాకాలం రెండోది. ఈ రెండోదే అసలు కీలకం గనుక దాని గురించి కాస్త విడమరిచి చెప్పాలి.

తులిప్ గడ్డ పని తీరు, సూరత్‌లో మరమగ్గాలు నడిపే మన పద్మశాలీలకు అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాదు. వేసవిలో ఆకులెండిపోయాక గడ్డ మట్టిలో ఊరికే పడున్నట్టు కనిపిస్తుంది. లోపల పని జోరుగా సాగేది అప్పుడే. 17 నుంచి 20 డిగ్రీల వెచ్చదనంలో, గడ్డ నడిమధ్యన, వచ్చే వసంతానికి కావలసిన రేకులు, కేసరాలు, అండాశయం, కాడ, ఆకులు అన్నీ అతి చిన్న కొలతలో తయారైపోతాయి. చలికాలం ముందు గడ్డను నిలువునా కోసి చూస్తే బుల్లి పువ్వు పూర్తి రూపంతో కనబడుతుంది. అంటే పడుగు చుట్టిన భీమును సాంచాకు, అదే మరమగ్గానికి, ఎక్కించారు. జకార్డ్ అట్టలకు బెజ్జాలు కొట్టి డిజైన్ బిగించారు. బట్ట మాత్రం ఇంకా నేయలేదు. కరెంటు రావాలి. తులిప్‌కు ఆ కరెంటు చలి. రకాన్ని బట్టి 12 నుంచి 16 వారాల పాటు, 9 డిగ్రీలకు మించని చలి తగలాలి. ఆ చలిలో గడ్డ పొరల్లో దాచుకున్న పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. కాడలోని కణాలు సాగమన్న హార్మోన్ల మాట వినే స్థితికి వస్తాయి. చక్కెరను పేక నూలు అనుకుంటే, కండెలన్నీ నిండి నాడెలో కూర్చున్నట్టే. ఆ తర్వాత వసంతపు వెచ్చదనం తగలగానే సాంచా ఒక్కసారిగా ఆడుతుంది, కొద్ది వారాల్లో కాడ నిటారుగా లేస్తుంది, లోపల చెక్కి పెట్టిన డిజైన్ బయట విచ్చుకుంటుంది. చలి చాలకపోతే పడుగూ ఉంటుంది, డిజైనూ ఉంటుంది, కరెంటు మాత్రం సగంలో పోతుంది. కాడ సాగక పువ్వు ఆకుల మధ్యే మట్టికి ఆనుకుని ఇరుక్కుపోతుంది, లేదా మొగ్గ లోపలే ఎండిపోతుంది. మగ్గం మీద సగంలో ఆగిన బట్టను కరెంటు వచ్చాక పూర్తి చేయొచ్చు. గడ్డలో ఆగిన పువ్వుకు ఆ వీలు లేదు. పేక కోసం దాచిన చక్కెర కూడా ఖర్చైపోయి, మరుసటి ఏటికి గడ్డే సన్నగిల్లుతుంది. సూరత్‌లో జనవరి రాత్రులు కూడా సగటున 15 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, పగలు 30 డిగ్రీలు. అక్కడి నేలలో తులిప్ సాంచాకు కరెంటు లైనే లేదు.

దీనికి వచ్చే జవాబు తెలిసిందే. ఢిల్లీలో న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ శాంతిపథ్ పొడవునా తులిప్‌లు పూయిస్తోంది కదా, శ్రీనగర్‌లో 2007లో తెరిచిన తులిప్ తోటకు జనం విరగబడుతున్నారు కదా, సూరత్‌కు డబ్బు తక్కువా అంటారు. శ్రీనగర్‌ను పక్కనపెట్టాలి. జబర్వాన్ కొండల కింద, దాల్ సరస్సు ఒడ్డున, తులిప్‌కు సొంత ఇల్లులాంటి చలి ఉంది. ఢిల్లీ మాట వేరు. అక్కడ నాటేవి నెదర్లాండ్స్ నుంచి తెప్పించిన, ముందే శీతల గదుల్లో చలి పట్టించిన గడ్డలు. ఫిబ్రవరిలో కొన్ని వారాలు కనువిందు చేస్తాయి. ఎండ ముదరగానే ముగుస్తాయి. మళ్లీ ఏడాదికి మళ్లీ కొనాలి. ఢిల్లీ ఫిబ్రవరికి ఉన్న చల్లదనం సూరత్ ఫిబ్రవరికి లేదు గనుక ఇక్కడ ఆ కొన్ని వారాలు కూడా దక్కవు. డబ్బుతో ఏదైనా చేయొచ్చు, కాదనలేం. ఏసీ గాజుగదుల్లో ప్రదర్శన పెట్టొచ్చు. కానీ దాన్ని ప్రదర్శన అనాలి, పండుగ అనకూడదు. పండుగ పువ్వు ఊరి గాలిలో పూయాలి, పేదవాడి చేతికీ అందాలి.

ఇక్కడ ఇంకో గట్టి అభ్యంతరం ఉంది. పరాయి పువ్వని తులిప్‌ను కాదంటే బతుకమ్మలో బంతి మాటేమిటి? న్యాయమైన ప్రశ్నే. సూరత్‌లో లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడిన తెలంగాణ నేత కుటుంబాలు ఏటా పేర్చే బతుకమ్మలో తంగేడు, గునుగు పక్కన నిండుగా కనిపించే బంతి, మెక్సికో నుంచి సముద్రాలు దాటి వచ్చినదే. అయినా దాన్ని ఎవరూ పరాయిదనరు, అనకూడదు కూడా. ఎందుకంటే బంతి మన నేలలో గింజ కట్టింది. ఎండిన పువ్వు నలిపి పెరట్లో చల్లితే వానకు మొలుస్తుంది. రైతు కొంటాడు, దాచుకుంటాడు, పక్కింటికి పంచుతాడు. ఎక్కడ పుట్టిందన్నది కాదు, ఇక్కడ కాపురం చేయగలదా లేదా అన్నదే కొలత. ఆ కొలతకు బంతి నిలిచింది, తులిప్ నిలవదు. బతుకమ్మ శరత్కాలపు పండుగ గనుక దాన్ని ఇక్కడితో ఆపి వసంతానికి వద్దాం. అంతకుముందు డచ్చివాళ్లు సూరత్‌లో నిజంగా వదిలిపోయిందేమిటో చూడాలి.

పీటర్ వాన్ డెన్ బ్రూకె అనే డచ్చి వ్యాపారి 1616లో సూరత్ రేవుకు వచ్చాడు. ఆ తర్వాత డచ్చి ఈస్టిండియా కంపెనీ కోఠీ అక్కడ స్థిరపడింది. మన మచిలీపట్నంలో వాళ్లు అంతకు పదకొండేళ్ల ముందే, 1605లో దిగారు. బందరు వలందపాలెం ఆ కాలం నాటి గుర్తే. సూరత్‌లో వాళ్లు కొన్నది నూలుబట్ట, నీలిమందు. అమ్మింది మసాలా దినుసులు, లోహాలు. డచ్చి పట్టణం హార్లెం సత్రాల్లో తులిప్ బేరాలు ఊపందుకోవడానికి కొద్ది ఏళ్ల ముందు, 1630 నుంచి 1632 వరకు, గుజరాత్ ఘోరమైన కరువు చూసింది. గుజరాతీలు సత్యాశియో అని తలుచుకునే ఆ కరువులో నేతగాళ్లు వేలల్లో చనిపోయారు, ఊళ్లు ఖాళీ అయ్యాయి. బట్ట నేసినవాడి ఆకలీ, పూలగడ్డ మీద పందెం కాసినవాడి సంపదా ఒకే వ్యాపారపు రెండు కొసల్లో ఉన్నాయన్నది డచ్చి వారసత్వాన్ని మెచ్చుకునేవాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవాలి. 1795లో సూరత్ కోఠీని ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు, తర్వాత తిరిగిచ్చారు, 1824 ఒప్పందం ప్రకారం 1825లో డచ్చివాళ్లు పూర్తిగా వదిలేశారు. కుటుంబాలు మిగల్లేదు. మిగిలినవి సమాధులు. కతార్‌గాం దర్వాజా దగ్గరి డచ్చి స్మశానంలో పెద్ద గుమ్మటంతో, స్తంభాలతో కోటలా నిలబడ్డ సమాధి హెన్‌డ్రిక్ ఆద్రియాన్ వాన్ రీడె అనే అధికారిది. ఆ పక్కనే ఇంగ్లీషువాళ్ల స్మశానంలో ఆక్సెండెన్ సోదరులకు కట్టిన కట్టడాన్ని మించాలని దీన్ని అంత పెద్దగా కట్టారని చెబుతారు. భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది. సూరత్ వెళ్లిన తెలుగువాళ్లలో దాన్ని చూసేవాళ్లు బహు తక్కువ.

తులిప్ గురించి అడిగేవాళ్లందరినీ ఆ సమాధి దగ్గరికి పంపాలి. వాన్ రీడె 1670ల్లో కొచ్చిన్‌లో మలబారు డచ్చి గవర్నరుగా ఉన్నప్పుడు ఒక బృహత్కార్యం తలపెట్టాడు. అక్కడి మొక్కలన్నిటినీ బొమ్మలతో, మందు గుణాలతో సహా పుస్తకంలోకి ఎక్కించడం. దాని పేరు హోర్టస్ మలబారికస్. 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా అచ్చయింది. 742 మొక్కల వివరాలు, రెండు పేజీల వెడల్పున రాగిరేకు మీద చెక్కిన బొమ్మలు, మలయాళ, అరబ్బీ, నాగరి లిపుల్లో పేర్లు ఉన్నాయి. ఈ పనికి అతను ఐరోపా పండితుల కంటే ఊరి వైద్యులను ఎక్కువగా నమ్ముకున్నాడు. ఈళవ కులానికి చెందిన ఇట్టి అచ్యుతన్ అనే వైద్యుడు తన ఇంటి తాళపత్రాలు ముందేసుకుని మొక్కల గుణాలు చెప్పాడు. రంగ భట్టు, వినాయక పండితుడు, అప్పు భట్టు అనే ముగ్గురు కొంకణి బ్రాహ్మణులు తమ గ్రంథాల నుంచి చెప్పారు. వాళ్ల ధ్రువపత్రాలు, 1675 నాటివి, వాళ్ల లిపిలోనే, వాళ్ల పేర్లతోనే మొదటి సంపుటంలో అచ్చయ్యాయి. మొక్కలకు నేడు ప్రపంచమంతా వాడే జంటపేర్ల పద్ధతిని స్థిరపరిచిన లిన్నేయస్ ఆసియా మొక్కల విషయంలో ఈ పుస్తకాన్ని బాగా నమ్మాడు. ఇంత విలువైన లాటిన్ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి, మలయాళంలోకి తేవడానికి కె. ఎస్. మణిలాల్ అనే కేరళ ప్రొఫెసర్ జీవితంలో అధిక భాగం వెచ్చించారు. ఇంగ్లీషు అనువాదం 2003లో వచ్చింది. తెలుగులో ఈ పుస్తకం మీద నాలుగు మాటలు రాసినవాళ్లే అరుదు. కంపెనీలో అవినీతి మీద విచారణకు కమిషనర్‌గా తిరుగుతూ, వాన్ రీడె కొచ్చిన్ నుంచి సూరత్‌కు ఓడలో వస్తుండగా 1691 డిసెంబరు 15న బొంబాయి సమీపంలో సముద్రం మీదే చనిపోయాడు. 1692 జనవరి మొదట్లో సూరత్‌లో పాతిపెట్టారు. అప్పటికి ఆఖరి సంపుటాలు ఇంకా అచ్చులోనే ఉన్నాయి.

ఇందులో సూరత్ మొక్కలేవి, అవన్నీ కేరళవి కదా అని అడగొచ్చు. నాలుగో సంపుటంలో ఆర్య వేప్పు పేరుతో వేప ఉంది. ఆరో సంపుటంలో ప్లాసో పేరుతో మోదుగు ఉంది. ఈ రెండూ సూరత్ చుట్టుపక్కల నేలలో పుష్కలంగా పెరిగే చెట్లు, ఆ ఊరి వసంతాన్ని నడిపించే చెట్లు కూడా ఇవే. వాన్ రీడె కంపెనీ మనిషే కదా, సైనికుల మందుల ఖర్చు తగ్గించడానికీ, మలబారు విలువ పై అధికారులకు చూపించడానికీ ఈ పని చేశాడు కదా అని ఇంకొకరు అంటారు. అదీ నిజమే. అతన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. కానీ సూరత్‌లో డచ్చి వారసత్వమని చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అది ఊరి చెట్టును ఊరివాడి నోటితో తెలుసుకోవాలన్న ఆ పద్ధతి. తులిప్ గడ్డలు తెప్పించడం దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఫాల్గుణం వచ్చేసరికి దక్షిణ గుజరాత్‌లో డాంగ్, తాపీ జిల్లాల అడవుల్లో మోదుగు ఆకంతా రాల్చేస్తుంది. ఆకు లేకపోవడం వల్ల చెట్టు నుంచి ఆవిరయ్యే నీరు తగ్గి, కొమ్మలు మళ్లీ నీరు పట్టి, మొగ్గలు ఉబ్బుతాయి. ఎండలు పెరుగుతున్న కొద్దీ మోడు కొమ్మల మీద పువ్వులే పువ్వులు. ఒక గుత్తిని చేతిలోకి తీసుకుని చూస్తే కాడలకు, పువ్వు అడుగున గిన్నెకు ముదురు గోధుమ రంగు మెత్తటి నూగు, దానిలోంచి వంకర తిరిగి పైకి పొడుచుకొచ్చిన కాషాయ రేకులు కనిపిస్తాయి. ఆకులు అడ్డులేని ఆ రంగు దూరం నుంచే పిట్టలను పిలుస్తుంది. గోరింకలు, తేనెపిట్టలు, చిలుకలు తేనె కోసం వచ్చి ముఖాలకు పుప్పొడి పూసుకుని పోతాయి. ఈ పువ్వునే గుజరాతీలు కేసూడో అంటారు. హోలీకి ముందు ఎండు రేకులు సూరత్ బజారుల్లోకి వస్తాయి. నీళ్లలో వేసి మరిగిస్తే కాషాయం దిగుతుంది, చిటికెడు సున్నం కలిపితే రంగు ముదురుతుంది. పిల్లలకు ఆ నీళ్లతో స్నానం చేయిస్తారు, అవే నీళ్లు చల్లుకుంటారు. డాంగ్‌లోని ఆహ్వాలో హోలీ ముందు జరిగే డాంగ్ దర్బారు అనే జాతరకు వెళ్లే దారి పొడవునా ఈ పూలే. మనకూ ఈ చెట్టుతో పాత చుట్టరికమే. సామర్లకోటలో ఉండి కోరమండల్ తీరపు మొక్కల మీద పుస్తకం తయారుచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో వచ్చిన మొదటి సంపుటంలోనే మోదుగును రంగుల బొమ్మతో చేర్చాడు.

మోదుగు హోలీకి, వేప ఉగాదికి. రెంటి మధ్య పక్షం రోజులు. సూరత్‌లో గుజరాతీలకు కొత్త సంవత్సరం దీపావళి మర్నాడు వస్తుంది గనుక ఉగాది రోజున ఊరికి సెలవు సందడి ఉండదు. అయినా మన తెలుగు ఇళ్లలో ఉగాది పచ్చడి, గుడి పడ్వా జరుపుకునే మరాఠీ పొరుగువాళ్ల ఇళ్లలో వేపాకు, ఒకే చెట్టు దగ్గరికి ఇద్దరినీ పంపిస్తాయి. ఇక్కడొక మూఢనమ్మకాన్ని కడిగేయాలి. ఉగాదికి వేప పూయలేదంటే ఆ ఏడాది కీడని బెదిరించేవాళ్లున్నారు. వేపకు తిథి తెలియదు. దానికి తెలిసింది ఎండ, తేమ. మన పంచాంగం చంద్రుణ్ణి అనుసరిస్తుంది, అధిక మాసంతో సూర్యుడికి సర్దుకుంటుంది. అందుకే 2023లో ఉగాది మార్చి 22న వస్తే, ఆ ఏడాది అధిక శ్రావణం పడ్డందున 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. ఉగాది ముందుగా వచ్చిన ఏడు చాలాచోట్ల వేప మొగ్గ దశలోనే ఉంటుంది, ఆలస్యంగా వచ్చిన ఏడు కొమ్మలు తెల్లగా విరబూసి ఉంటాయి. ఇందులో శుభమూ లేదు, అశుభమూ లేదు, పద్దెనిమిది రోజుల తేడా ఉంది. పువ్వు దొరకనప్పుడు కిందటేడు ఎండబెట్టి దాచిన వేపపువ్వు వేసుకుంటే పచ్చడికి ఏ లోటూ లేదు.

కాబట్టి సూరత్ వసంతం చూడాలనుకునేవాళ్లు ఫిబ్రవరి చివర నుంచి హోలీ లోపు బయల్దేరండి. ఒక పూట కతార్‌గాం దర్వాజా దగ్గర వాన్ రీడె సమాధి చూడండి, మిగతా రోజు డాంగ్ వైపు వెళ్లి మోదుగు చూడండి. సూరత్‌లో స్థిరపడ్డ తెలుగు సంఘాలవారికి ఒక విన్నపం. డచ్ గార్డెన్‌లో తులిప్‌లు కావాలని కాకుండా, అక్కడ మోదుగు, వేప నాటి, ఇట్టి అచ్యుతన్ పేరూ వాన్ రీడె పేరూ రాసిన పలక పెట్టమని నగరపాలక సంస్థను అడగండి. ఆ సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది గనుక పలక మీద గుజరాతీ పక్కన తెలుగు కూడా ఉండాలని అడిగే హక్కు మీకుంది. మోదుగు కాయలు వేసవి చివర పండి రాలతాయి. ఒక్కో కాయలో ఒక్కటే గింజ. ఏరిన గింజను ఎక్కువకాలం నిలవ ఉంచకుండా తొలకరికే నాటాలి.